శెట్టన్న చేతిలో నిలవని మీటరు

నిన్న పొద్దున హిందూపురంలో రైలు గేటు పడింది. గేటు పక్కనున్న టీ బంకులో, బల్ల మీద గ్లాసు పెట్టుకుని పేపరు తిరగేస్తున్నాను. ఒక తెల్ల కారు వచ్చి పక్కన ఆగింది. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి కాబట్టి పాట వినిపించలేదు. కానీ గ్లాసులో టీ మీద సన్నటి వలయాలు లేచాయి. బల్ల చెక్క వణికింది. ఆ వణుకు మోచేతుల గుండా పైకి పాకి, ఛాతీ లోపల ఎవరో మెల్లగా తలుపు తట్టినట్టు తగిలింది. "ఏం సద్దప్పా ఇది! పాలు గూడా ఇరిగిపోయేట్లుండాయి" అని బంకాయన విసుక్కున్నాడు. నేను మాత్రం చెయ్యి బల్ల మీదే ఉంచి లెక్కపెట్టుకున్నాను. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ శుభ్రంగా ఉంది. ఎక్కడా బొంగురు లేదు, అలసట లేదు. ఈ స్పీకర్లు ఎవరో పని తెలిసినవాడే కట్టాడు అనుకున్నాను. గేటు లేచింది, కారు వెళ్లిపోయింది. టీ చల్లారేదాకా నేను అక్కడే ఉండిపోయాను. శెట్టన్న గుర్తొచ్చాడు.

శ్రీనివాస శెట్టి అంటే ఊళ్లో సగం మందికి తెలియదు. శెట్టన్న అంటే కారున్న ప్రతివాడికీ తెలుసు. పెనుకొండ వైపు వెళ్లే రోడ్డులో ఆయన దుకాణం. కార్లకు పాటల సెట్లు, స్పీకర్లు బిగించే చోటు. వాళ్లది తరాలుగా చింతపండు వ్యాపారం. అన్నదమ్ములంతా మండీలో కూర్చుంటే ఈయనొక్కడు వైర్ల వెంట పడ్డాడు. వేషం, కూర్చునే తీరు మాత్రం మండీవే. తెల్లటి పంచె, పైన గళ్ల చొక్కా, కుర్చీకి బదులు పరుపు వేసిన బల్ల, దాని మీద మఠం వేసుకుని కూర్చోవడం. మాటల్లో తెలుగు ఎక్కడ ఆగి కన్నడం ఎక్కడ మొదలయ్యేదో ఆయనకే తెలియదు. తన పనితనం గురించి తానే చెప్పుకోవడానికి రవ్వంత కూడా మొహమాటపడేవాడు కాదు. "ఈ రోడ్డు మీద ఏ బండి పోయినా కండ్లు మూసుకోని చెప్తా, నేను కట్టిందో కాదో" అనేవాడు. వినేవాళ్లు దొరక్కపోతే టీ తెప్పించి, కూర్చోబెట్టి మరీ చెప్పేవాడు.

ఆయనతో నా పరిచయం ఒక ఫిర్యాదుతో మొదలైంది. అప్పుడు నేను ఒక దినపత్రికకు హిందూపురం విలేకరిని. పరీక్షల రోజులు. కార్లలో పెద్ద శబ్దంతో పాటలు పెట్టుకుని తిరుగుతున్నారని తల్లిదండ్రులు గోల పెడుతున్నారు. వాళ్ల మాటలు రాసుకున్నాక, ఆ శబ్దాలు అమ్మే మనిషి మాట కూడా ఉండాలని శెట్టన్న దగ్గరికి వెళ్లాను. ఆయన చాలాసేపు చెప్పాడు, నేను రాసుకున్నాను. కాగితం మడిచి లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"యాడికప్పా? ఆ కాగితం ఈ దిక్కు తిప్పు."

"ఎందుకన్నా?"

"నా మాట నువ్వు తీసుకోని పోతాండావు. ఎంత తూగిందో నేను సూడొద్దా?"

నాకు కోపం వచ్చింది. రాసుకున్నది చూపించమని ఎవరూ అడగకూడదని మా వృత్తిలో ఒక బింకం ఉంటుంది. అయినా తిప్పి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివి, ఒకచోట వేలు పెట్టాడు. "చెవులు పగిలే శబ్దం అని నేను యాడ అంటి? ఎదకు తగిలే శబ్దం అంటి. చెవులు పగలగొట్టేది పనిరానోడు కట్టింది. నేను కట్టింది ఎదకు తగుల్తాది. రెండిటికీ శానా తేడా ఉండాది." దిద్దాను. మర్నాడు వార్త వచ్చాక ఆ వార్తలో జనం గుర్తుపెట్టుకుని నాతో అన్న మాట అదొక్కటే. తల్లిదండ్రులు కూడా నవ్వారు. శెట్టన్న పరీక్షలు అయ్యేదాకా కొత్త బండ్లకు శబ్దం తగ్గించి ఇస్తానని మాటిచ్చాడు, మాట మీద నిలబడ్డాడు కూడా. అప్పటినుంచి సాయంత్రాలు ఆయన దుకాణం ముందు నా బండి ఆగడం మొదలైంది.

ఆ "ఈ దిక్కు తిప్పు" అన్నది ఆయనకు ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. వాళ్ల మండీలో గడియారంలాంటి ముఖం ఉన్న తూకం యంత్రం ఉండేదట. "మా నాయన ముల్లును ఎప్పుడూ కొనేవాని దిక్కే తిప్పి పెట్టేవాడు. తాను యనక నిలబడి, ఎంతుండాదో నువ్వే చెప్పప్పా అని అడిగేవాడు. కొనేవాడు తన నోటితో తాను చెప్పినాక ఇంగ తగువెక్కడుంటాది?" అన్నాడు శెట్టన్న. ఆ అలవాటునే ఆయన వైర్ల మధ్యకు తెచ్చాడు. స్పీకర్లు బిగించాక, వాటిని నడిపించే యాంప్‌కు తగిలించే ముందు, వైర్లు ఎంత చూపిస్తున్నాయో మీటరుతో కొలవాలి. ఆ మీటరును శెట్టన్న తన చేతిలో పెట్టుకునేవాడు కాదు. బండి ఎవరిదో వాళ్ల చేతిలో పెట్టి, ఎర్ర తీగ ఇక్కడ, నల్ల తీగ ఇక్కడ అని చూపించి, తాను పక్కకు జరిగి, "ఎంతుండాది? నువ్వే సదువు" అనేవాడు. డాక్టరైనా సరే, లారీ డ్రైవరైనా సరే, డిక్కీలో వంగి అంకె చదివి పైకి చెప్పాల్సిందే. అప్పుడే యాంప్‌కు తగిలించేవాడు.

ఇంత పట్టుదల ఎందుకో ఒకరోజు నాకు విడమరిచి చెప్పాడు. సబ్ వూఫర్ అంటే పాటలో అడుగునుండే బరువైన దెబ్బను మాత్రమే పలికే పెద్ద స్పీకరు. దాని లోపల తీగచుట్టలు ఉంటాయి. కరెంటుకు ఆ చుట్ట ఎంత అడ్డు నిలుస్తుందో దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. "చుట్టలను పక్కపక్కన కలిపితే అడ్డు తగ్గుతాది, కరెంటు ఉరుకుతాది, సద్దు పెరుగుతాది. ఒకదాని తోకకు ఇంకోటి కలిపితే అడ్డు పెరుగుతాది, కరెంటు నిదానమైతాది. యాంప్ పాపం, నేను రెండు ఓమ్‌ల దాకా ఓర్సుకుంటా, అంతకు దింపొద్దండి అని వీపు మీద రాసుకోని వచ్చింది. మనోళ్లకు ఆ వీపు సూసే ఓపిక లేదు" అన్నాడు.

ఆ మాట అంటుండగానే రొద్దం నుంచి ఒక ఆసామి వచ్చాడు. "శెట్టన్నా, నా బండికి ఒక ఓమ్‌కు దింపి కట్టు. గోరంట్లలో మావానికి అట్లే కట్టినారు. ఊరు ఊరంతా అదుర్తాండాది."

"నీ యాంప్ మీద ఎంత రాసుండాదప్పా?"

"రెండని రాసుండాది. రాస్తే ఏమిలే."

"బస్సులో నలభై మంది అని రాసుంటే ఎనభై మంది ఎక్కుతామే, అట్లనా?"

"అంతే అన్నా!"

"అట్లైతే గోరంట్లకే పో. అదిరేది ఆడ్నే సూసుకో, పొగ గూడా ఆడ్నే సూసుకో. బేడప్పా, నా కొట్లో వద్దు."

ఆసామి వెళ్లిపోలేదు. గొణుక్కుంటూ కూర్చుని, చివరికి రెండు ఓమ్‌లకే కట్టించుకుని, అంకె తానే చదివి వెళ్లాడు. శెట్టన్నతో గొడవపడటం కూడా అక్కడి బేరంలో ఒక భాగమే అనిపించేది.

ఇక మా నాయన సంగతి చెప్పాలి. శెట్టన్న నాకు వినోదం ఇచ్చే స్నేహితుడిగానే మిగిలిపోకుండా అంతకంటే పెద్ద మనిషి అయింది ఆయన వల్లే. మాది ధర్మవరం. నాయన జీవితమంతా పట్టుచీరలు నేశాడు. నేల గుంటలో కాళ్లు పెట్టుకుని మగ్గం ముందు కూర్చుంటే, పక్కన రేడియో ఉండాల్సిందే. పాటకు తగ్గట్టు తొక్కుడు చెక్కలు ఆడించేవాడు. వయసు మీద పడ్డాక మగ్గం మానేశాడు, ఆ తర్వాత వినికిడి పోయింది. కొంచెం కొంచెంగా కాదు, చాలావరకు పోయింది. చెవి మిషను తెచ్చాం. అందులో నుంచి ఆయనకు వినిపించింది గిన్నెల మోత, గాలి హోరు. మేమంతా చుట్టూ చేరి "బాగుంది, అలవాటవుతుంది, నెలలో అంతా వినిపిస్తుంది" అని ధైర్యం చెప్పాం. ఏదీ జరగలేదు. మిషను డబ్బాలోకి వెళ్లింది. ఆయన చేతికి ఒక పలక వచ్చింది. మేం చెప్పాల్సింది దాని మీద రాస్తాం, ఆయన నోటితో జవాబిస్తాడు. పలక మీద రాసేది ఓపికతో చేసే పని కాబట్టి, ముఖ్యమైన మాటలే రాసేవాళ్లం. మిగతావన్నీ ఆయన ముందే, ఆయన తలమీదుగా మాట్లాడుకునేవాళ్లం. నాయన ధర్మవరంలోనే, మా అక్కాబావల ఇంట్లో ఉంటాడు. ఆదివారాలు నా పాత కారులో హిందూపురం తీసుకొచ్చేవాణ్ని.

అలా తీసుకొచ్చిన ఒక ఆదివారం శెట్టన్న దుకాణం దగ్గర ఆగాం. నాయనను గోడవారగా ఉన్న బల్ల మీద కూర్చోబెట్టి, నేను శెట్టన్నతో కబుర్లలో పడ్డాను. శెట్టన్న మాట్లాడుతూనే ఒక కొత్త పెట్టెను పరీక్షించడానికి పాట పెట్టాడు. కాసేపటికి నాయన చుట్టూ చూసి, చెవుడున్నవాళ్లు మాట్లాడినట్టే గట్టిగా అడిగాడు.

"ఈడ మగ్గం యాడుండాది?"

నేను పలక కోసం వెతుకుతుంటే శెట్టన్న నా భుజం పట్టుకుని "ఉండు, ఉండు" అన్నాడు. నాయన అరచేతులు బల్ల మీద ఆన్చి ఉన్నాయి. కుడికాలు మడమ లేస్తోంది, పడుతోంది. పాటకు సరిగ్గా పడుతోంది. శెట్టన్న పాట ఆపాడు. మడమ ఆగింది. మళ్లీ పెట్టాడు. మడమ లేచింది. నేను చాలా ఏళ్లుగా చూడని ముఖం అది. రేడియో పక్కన కూర్చున్నప్పటి ముఖం.

"రిపోర్టరూ, మీ నాయనకు చెవులు పోయినాయని ఎవురు చెప్పినారప్పా? రవ్వంత కిందికి జారినాయి, అంతే" అన్నాడు శెట్టన్న.

ఆ వారమే నా కారు డిక్కీలో ఒక సబ్ వూఫర్ కూర్చుంది. దాని లోపల నాలుగేసి ఓమ్‌ల చుట్టలు రెండు. వాటిని పక్కపక్కన కలిపితే రెండు ఓమ్‌లు, యాంప్ ఓర్చుకునే హద్దు సరిగ్గా అంతే. మీటరు నా చేతికిచ్చాడు. ఒకటీ ముప్పాతిక పైన ఒక రవ్వ చూపించింది. రెండు ఉండాలి కదా అన్నాను. "మీటరు ఎప్పుడూ అట్ల రవ్వంత తక్కువే చూపిస్తాది. పాడేటప్పుడు సరిపోతాది" అన్నాడు. నాయనను వెనుక సీట్లో కూర్చోబెట్టి పెనుకొండ దాకా వెళ్లొచ్చాం. వీపు సీటుకు ఆన్చి, కళ్లు మూసుకుని, వచ్చిన ప్రతి దెబ్బకూ వేళ్లు ఆడించాడు. కొన్ని పాటలను దెబ్బను బట్టే గుర్తుపట్టి, నాకు పేరు చెప్పి, అవునా కాదా అని వెనకనుంచి నా భుజం తట్టేవాడు. తప్పు చెప్పినవి కూడా ఉన్నాయి. అవి తప్పని నేను తల ఊపితే, "పాట మార్చినావులే, నాకు తెలుసు" అని దబాయించేవాడు. ఆదివారాల కోసం ఆయన, ఆయన కోసం నేను ఎదురుచూసే రోజులవి.

మా బావ సూరి చీరల వ్యాపారి. మనసు మంచిది, తొందర ఎక్కువ. కొత్తిల్లు కట్టుకుని, గృహప్రవేశం పిలుపులకు కనగానపల్లి వైపు, గోరంట్ల వైపు తిరగాలని నా కారు అడిగి తీసుకెళ్లాడు. నాయనను కూడా వెంట తిప్పాడు. మామ వెనుక సీట్లో సంబరపడటం చూసి బావకు ఒక ఆలోచన వచ్చింది. ఒక్క స్పీకరుకే ఇంత ఆనందమైతే రెండోది పెడితే ఆనందం రెట్టింపు అవుతుంది కదా! దారిలో తనకు తెలిసిన ఒకాయన దగ్గర అచ్చం అలాంటిదే ఇంకొకటి కొని, మొదటిదాని పక్కన అదే వైరుకు కలిపి కట్టించాడు. అన్నీ పక్కపక్కనే. యాంప్ వీపు ఎవరూ చూడలేదు. ఈ సంగతి నాకు తెలియదు. మామకు బహుమతి కాబట్టి నాకు కూడా ఆశ్చర్యంగా ఉండాలని చెప్పలేదట.

నేను కారు తెచ్చుకోవడానికి ధర్మవరం వెళ్లేసరికి నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. హిందూపురం వెళ్దాం రా అని పలక మీద రాశాను. చదివి పలక పక్కన పెట్టాడు.

"వస్తా. ముందర సీట్లో కూసుంటా."

ఎందుకు అని రాశాను.

"యనక సీటు ఇంగ నాకొద్దు రామాంజీ. ఎక్కినప్పుడు బాగా తగుల్తాది. కొంచేపటికి పోతాది. మళ్లా ఎప్పుడో వస్తాది, మళ్లా పోతాది. చెవులు గూడా ఇట్లనే పాయ. ఇదీ పోతాండాది." గొంతులో ఏడుపు లేదు. బస్సు వెళ్లిపోయిందని చెప్పినట్టు చెప్పాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది. "వారం నుంచి ఇదే మాట. డాక్టరుకు చూపిద్దామా?" అని బావ నన్ను అడిగాడు. నన్నే అడిగాడు, నాయన ముందే నిలబడి.

బతిమాలి వెనుక సీట్లోనే కూర్చోబెట్టాను. బావ కూడా హిందూపురంలో పనుందని ముందర ఎక్కాడు. ధర్మవరం దాటాక కూడా డిక్కీ దద్దరిల్లుతూనే ఉంది. నాయన కళ్లు మూసుకున్నాడు. పెనుకొండ కొండ కనిపిస్తుండగా దెబ్బ ఒక్కసారిగా ఆగిపోయింది. తలుపుల్లోని చిన్న స్పీకర్లలో పాట మాత్రం నడుస్తూనే ఉంది. అద్దంలో చూశాను. నాయన సీటు మీద ఆన్చిన అరచేయి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నేను కారు పక్కకు ఆపి, "నీది కాదు నాయనా, యాంప్ ఆగిపోయింది" అని పలక మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించాను. ఆయన చదివి నవ్వాడు. చిన్నపిల్లలు తెచ్చిచ్చిన గవ్వను చూసి పెద్దవాళ్లు నవ్వే నవ్వు.

"అట్లనే అనుకుందాంలే. చెవి మిషను తెచ్చినప్పుడు గూడా ఇట్లనే రాసినావు."

యాంప్ బాగయ్యాక కూడా ఆయన ఆ సీటు వైపు చూడడని తెలిసిపోయింది. మేం చెప్పేది ఆయన నమ్మడు, నమ్మకపోవడానికి మేమే కారణాలు ఇచ్చాం. అప్పుడు చెప్పాడు బావ, రెండో స్పీకరు సంగతి. తిన్నగా శెట్టన్న దుకాణానికి పోనిచ్చాను.

శెట్టన్న డిక్కీ తెరిచి, వైర్ల వెంట వేలు పోనిచ్చి చూశాడు. "ఎవురప్పా ఈ అమ్మకు సవతిని తెచ్చింది?"

బావ గొంతు సవరించుకున్నాడు. "నేనే. మామకు బాగుంటాదని..."

"నీ మనసు బంగారమప్పా. ఈ యాంప్ మీద చెయ్యి పెట్టు." బావ పెట్టి, వెంటనే తీసి, వేళ్లు ఊదుకున్నాడు. మూల ఎర్ర దీపం వెలుగుతోంది. వేడి ఎక్కువై తనను తాను ఆపుకుందని దాని అర్థం, చల్లారాక మళ్లీ మొదలెడుతుందని శెట్టన్న చెప్పాడు. నేను పలక తీసి ఆ సంగతంతా నాయనకు రాయబోయాను. శెట్టన్న నా చేతిలోంచి బలపం లాక్కున్నాడు.

"సుమ్మనుండప్పా. ఇంతసేపూ రాస్తివి కదా, ఏమాయ? పెద్దాయనకు చెవులు లేవు గానీ కండ్లుండాయి. నీకంటే బాగుండాయి."

నాయనను పిలిచి డిక్కీ అంచు మీద కూర్చోబెట్టాడు. మొదట ఆయన చెయ్యి పట్టి యాంప్‌కు తాకించాడు. "అబ్బా, కాల్తాండాదే!" అన్నాడు నాయన. తర్వాత యాంప్ వీపు మీద అచ్చేసి ఉన్న రెండు అంకె మీద వేలు పెట్టి చూపించాడు. వైర్లు ఊడదీశాడు. మీటరు నాయన ఒళ్లో, ముఖం ఆయన వైపు ఉండేట్టు పెట్టి, ఎర్ర తీగ ఒక చేతికి, నల్ల తీగ ఇంకో చేతికి ఇచ్చాడు. తాను వెనక్కి జరిగి చేతులు కట్టుకున్నాడు. జీవితమంతా పట్టుపోగులు పట్టిన వేళ్లు, తీగల మొనలు వణక్కుండా వైర్ల మీద నిలిచాయి.

"ఒకటి గూడా లేదే," అన్నాడు నాయన. "సున్నా, పక్కన తొమ్మిది."

మళ్లీ యాంప్ మీది రెండు అంకెను చూశాడు. మళ్లీ మీటరును చూశాడు. శెట్టన్న ముందుకు వచ్చి రెండో స్పీకరు వైరు ఊడదీసి సైగ చేశాడు. నాయన మళ్లీ పట్టాడు. "ఒకటీ ఎనిమిది." శెట్టన్న ఈసారి రెండు స్పీకర్లనూ ఒకదాని తోకకు ఇంకోటి కలిపి కట్టాడు. నాయన ఎవరూ చెప్పకముందే తీగలు ఆన్చాడు. "మూడూ ఆరు. ఇది రెండుకు పైనే కదా?" శెట్టన్న బొటనవేలు ఎత్తి చూపించాడు. నాయన మా బావ వైపు తిరిగాడు.

"అల్లుడా, నువ్వా చేసింది?"

బావ తలొంచుకుని ఆడించాడు.

"వారం దినాలు నా పాణం తీస్తివి కదప్పా!" అని నాయన అరిచిన అరుపుకు ఎదురు కొట్టువాళ్లు కూడా బయటికి వచ్చారు. అరుస్తూనే నవ్వుతున్నాడు. బావకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

శెట్టన్న అంతటితో వదల్లేదు. నాయనను వెనుక సీట్లో ముందుకు తిరిగి కూర్చోమన్నాడు. తాను డిక్కీ దగ్గర నిలబడి పాట పెట్టాడు, చప్పుడు చేయకుండా యాంప్ ఆపాడు. "ఆపినావు" అన్నాడు నాయన, వెనక్కి తిరగకుండానే. పెట్టాడు. "పెట్టినావు." ఎక్కువసేపు ఆపకుండా ఉంచి తికమక పెట్టాలని చూశాడు. నాయన మాట్లాడలేదు. ఉన్నట్టుండి శెట్టన్న ఆపీ ఆపగానే, "మళ్లా ఆపినావు, నన్నేం మోసం చేస్తావులే శెట్టీ!" అన్నాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పకపోవడం మాకంటే ముందు ఆయనకు తెలిసింది. సీటు మీద అరచేయి పరిచి, అలాగే ఉంచాడు.

రెండోదాన్ని పీకేస్తావా అని బావ బెరుగ్గా అడిగాడు. "ఎందుకు పీకాల? యాంప్ ఇప్పుడు తక్కువ బలమే ఇస్తాది. కానీ మొయ్యడానికి ఇద్దరుండారు. సద్దు ముందు మాదిరే వస్తాది, యాంప్ సల్లగుంటాది. నీ బహుమానం యాడికీ పోలేదు" అన్నాడు శెట్టన్న. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలందరికీ బావ ఆ కారు డిక్కీ తెరిచి చూపించి, ఇది తన ఆలోచనే అని చెప్పుకున్నాడు. మేమెవరం కాదనలేదు. నాయన మాత్రం ఎవరు దొరికితే వాళ్లకు, "మూడూ ఆరు" అని మూడు వేళ్లూ ఆరు వేళ్లూ చూపించేవాడు. వాళ్లకు ఏమీ అర్థం కాకపోయినా తల ఊపేవాళ్లు.

శెట్టన్న పోయి రెండేళ్లయింది. నడుం పట్టేసి డిక్కీల్లోకి వంగలేకపోయినా, బల్ల మీద మఠం వేసుకునే ఆఖరిదాకా దుకాణం నడిపాడు. ఇప్పుడక్కడ ఫోన్లు అమ్ముతున్నారు. ఆయన నాకు గురువు అని నేను ఎప్పుడూ అనుకోలేదు. అంటే ఆయనే నవ్వేవాడు, ఆ తర్వాత అవునని ఒప్పుకుని ఊరంతా చెప్పేవాడు. కానీ ఆ డిక్కీ దగ్గర జరిగింది చూశాక నా పని తీరు మారింది. ఎవరి మాట రాసుకున్నా, పంపకముందు వాళ్ల వైపు తిప్పి, మీరే చదవండి అనడం అలవాటైంది. దిద్దుబాట్లు వచ్చేవి, కొన్నిసార్లు మొహం మీదే తిట్లు వచ్చేవి. మర్నాడు తప్పు రాశారంటూ వచ్చే ఫోన్లు మాత్రం తగ్గాయి. ఎవరిదైనా ఒక సంగతి ఉంటే దాన్ని వాళ్ల ముందు పెట్టి పక్కకు జరగాలి. అంతవరకే నా పని. నచ్చజెప్పడం, ధైర్యం చెప్పడం ఎంత మంచి మనసుతో చేసినా, ఎదుటివాడి చేతిలో ఉండాల్సినదాన్ని మనం పట్టుకున్నట్టే. మా నాయన వారం రోజులు ఒంటరిగా మోసిన భయం నాకు అది నేర్పింది.

పోయిన నెల నాయనను హిందూపురంలో డాక్టరుకు చూపించాను. రక్తపరీక్ష చూసి డాక్టరు నావైపు తిరిగి, "పెద్దాయనకు షుగరు మొదలైంది, తీపి తగ్గించండి" అన్నాడు. కాగితం నా ముందు పెట్టాడు. నేను దాన్ని నాయన వైపు జరిపి, పలకా బలపం డాక్టరు ముందు పెట్టాను. "ఒంట్లో షుగరు ఆయనకండీ. ఆయనతోనే చెప్పండి" అన్నాను. బయట వరుసలో చాలామంది ఉన్నారు. డాక్టరు ఒక్క క్షణం తలుపు వైపు చూసి, బలపం తీసుకున్నాడు. నాయన చదివాడు. కళ్లజోడు సర్దుకుని ఇంకోసారి చదివాడు.

"ఓళిగలు గూడా తినగూడదా?"

పండగకు ఒక బొబ్బట్టు అని రాశాడు డాక్టరు.

"ఒకటంటే ఎంత లావు?"

డాక్టరు నవ్వాడు. బలపంతో పలక మీద ఒక చిన్న గుండ్రం గీశాడు. నాయన పలకను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపాడు. బలపం అడిగి తీసుకుని ఆ గుండ్రం చుట్టూ ఇంకాస్త పెద్ద గుండ్రం గీసి తిరిగి ఇచ్చాడు. డాక్టరు దాన్ని చెరిపి మధ్యరకం ఒకటి గీశాడు. నేను చేతులు కట్టుకుని పక్కన కూర్చున్నాను. బేరం వాళ్లిద్దరిదీ.